ఇద్దరికీ అలాగే

పొద్దున్న ఒకే నోటితో ఇద్దరికీ అలాగే అనేశాను, ఒకరికి వంటింట్లో, ఒకరికి వీధి గుమ్మంలో. అనేటప్పుడు బాగానే ఉంది, అలాగే అన్నది ఎంత మెత్తటి మాట, గొంతుకి అడ్డం పడదు, ఎవరి చెవిలో పడితే వారి వైపు వాలుతుంది. ఇప్పుడీ కాలేజీ వరండాలో చెక్కబల్ల మీద కూర్చున్నాక ఆ రెండు అలాగేలూ చెరో చెవీ పట్టుకుని లాగుతున్నాయి. మా ఆవిడ ఆదిలక్ష్మి వంటింట్లో అన్నది, పిల్లని బియ్యేలో వెయ్యండి, బీకాంలో వెయ్యండి, మీ ఇష్టం, ఆ సేపల్ని కోసే సదువు మాత్రం వద్దు. అలాగే అన్నాను. మా అమ్మాయి పైడితల్లి చెప్పుల్లో కాళ్లు పెడుతూ అన్నది, నాన్నా, బీయస్సీయే, అందులో జువాలజీ ఉన్న గ్రూపే, కాదంటే నాను ఇంట్లో కూకుంటాను గానీ ఇంకోటి సదవను. అలాగే అన్నాను. లోపలి గదిలో గ్రూపులు ఖాయం చేస్తున్నారు. అటెండరు గుమ్మంలోకొచ్చి పేరు పిలుస్తాడు, పిల్లా తండ్రీ కలిసి లోపలికెళ్లాలి, పిల్ల ఏ గ్రూపు కావాలో చెబుతుంది, లెక్చరరు గారు తండ్రి మొహంలోకి చూస్తారు, తండ్రి ఊఁ అంటేనే ఆయన కలం కదులుతుంది. ఆ ఊఁ నా దగ్గరుంది. మీ వంతుకి ఇంకో గంట పడుతుందండీ అన్నాడు అటెండరు. గంట. ఎవరు కొడతారో, ఎవరి నెత్తిన కొడతారో.

చూశారా, మళ్లీ మొదలైంది. నా నాలిక అంతే, మాట దొరికితే దాన్ని వేరుశెనక్కాయలా చితిపి లోపల ఇంకో గింజ ఉందేమో చూడకుండా వదలదు. పోర్టులో నాది టాలీ క్లర్కు పని, ఓడలోంచి దిగే సరుకు పక్కన నిలబడి సరిచూడడం, క్రేను అరుస్తుంది, లారీ అరుస్తుంది, కళాసీలు అరుస్తారు, వాళ్లందరి మీదా నేను అరవాలి. అలా అరిచి అరిచి నా గొంతు ఇంట్లో కూడా రేవులో ఉన్నట్టే ఉంటుంది. యూనియన్ వార్షికోత్సవాలకి నన్ను పిలిచి మైకు మానేస్తారు. అర్జునరావు వస్తున్నాడంటే అద్దె మిగిలిందని కార్యదర్శి సంబరం. పిల్ల ఇంటర్ ఫస్టు క్లాసులో పాసయిందని తెలిసిన రోజు వీధి వీధంతా వినబడేలా అరిచాను, మా పైడికి ఇక పై డిగ్రీ అని. పైడి, పై డిగ్రీ. పక్కింటివాళ్లు నవ్వారు, పిల్ల కూడా నవ్వింది, వాళ్లమ్మ తలుపు చాటున చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు దాచుకోవడానికే అనుకున్నాను. ఈ మధ్య ఆవిడ దేనికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుందో నాకు తెలియడం లేదు. బాటనీ అంటే బాట నీదే అన్నాను పిల్లతో, కెమిస్ట్రీ అంటే తాపీమేస్త్రీ పనే, గచ్చు కలిపినట్టు కలపడం అన్నాను, బీకాంలో చేరితే మీ అమ్మ కామ్‌గా ఉంటుంది అన్నాను. ఇక బీయస్సీని విరుద్దామని నోరు తెరిచి, చివర ఉన్న సీ దగ్గర ఆగిపోయాను. సీ అంటే సముద్రం. పోర్టులో పనిచేసేవాడికి ఆ పాటి ఇంగ్లీషు వచ్చు. నాన్నా ఆగిపోయావేటి అంది పిల్ల. పొలమారింది అన్నాను.

సముద్రం ఇక్కణ్ణుంచి కనిపిస్తుంది. కాలేజీ కొండవాలులో ఉంది, వరండా పిట్టగోడ మీంచి చూస్తే సరుగుళ్ల వెనక నీలంగా, ఏమీ ఎరగనట్టు. నేను దానికి వీపు పెట్టి కూర్చున్నాను. ఈ ఊళ్లో సముద్రానికి వీపు పెట్టి బతకడం తేలిక పని కాదు, ఏ సందు తిరిగినా చివర అదే ఉంటుంది, బస్సు మలుపు తిరిగితే అది, డాబా ఎక్కితే అది, గాలి కొడితే నాలిక మీద ఉప్పుగా అది. పాత ఇంటి డాబా మీంచి డాల్ఫిన్ నోస్ కొండా, దాని మీద రాత్రిపూట తిరిగే దీపమూ కనిపించేవి, చిన్నప్పుడు పిల్లలిద్దరికీ చూపించి అది కొండకి ముక్కుపుడక రా అనేవాణ్ణి, రమణ పగలబడి నవ్వేవాడు, అప్పటికి పైడికి ముక్కే సరిగ్గా లేదు, చిన్న గుండీలా ఉండేది, అన్న నవ్వాడని అదీ నవ్వేది. తరవాత మేం ఆ ఇల్లు మారిపోయాం. సాలగ్రామపురం వైపు, కొండ అడ్డున్న క్వార్టరు అడిగి మరీ వేయించుకున్నాను, సముద్రం కనిపించే క్వార్టరు వదులుకుని ఇటు ఎందుకొస్తావయ్యా అన్నాడు ఆఫీసులో ఒకాయన, ఉప్పు తగ్గించమన్నారండీ డాక్టరు గారు అన్నాను, నవ్వాడు. నవ్వితే మనిషి ఇంకో ప్రశ్న అడగడు. నవ్వుతున్న నోటితో ప్రశ్న వెయ్యడం కుదరదు, ప్రయత్నించి చూడండి.

కొడుకు పేరు రమణమూర్తి. పాలిటెక్నిక్‌లో చదివేవాడు. నాలుగేళ్ల కిందట ఒక ఆదివారం స్నేహితులతో కలిసి సైకిళ్ల మీద రుషికొండ వెళ్లాడు, అప్పుడక్కడ మనిషన్నవాడు కనిపించేవాడు కాదు, కొండా ఇసకా అలలూ, అంతే. ఈత బాగా వచ్చు వాడికి. ఎలమంచిలి దగ్గర మా ఊరికి సెలవులకి తీసుకెళ్లి శారదా నదిలో నేనే నేర్పాను, పొట్ట కింద చెయ్యి పెట్టి పట్టుకునేవాణ్ణి, చెయ్యి తీసేశాక కూడా పట్టుకునే ఉన్నాననుకుని ఈదేవాడు, నాన్నా వదిలీకు వదిలీకు అని అరుస్తూ ఈదుకుంటూ పోయేవాడు. నది ఒకవైపే లాగుతుంది. సముద్రం అలా కాదట, పైన ఒడ్డుకి తోస్తూ కింద లోపలికి లాగుతుందట, అది మాకెవరికీ తెలీదు, మేం పొలాల వాళ్లం, సముద్రం పక్కన ఇల్లు కట్టుకున్నామే గానీ సముద్రం మనుషులం కాదు. సాయంత్రం మేం వెళ్లేసరికి ఇసకలో వాడి సైకిలు నిలబెట్టి ఉంది, హేండిలుకి చొక్కా. పోలీసు కానిస్టేబులు వచ్చి, మీవాడికి ఈత వచ్చా అని అడిగాడు. ఈత వచ్చు, వాడే రాలేదు అన్నాను. నేను అనలేదు, నాలిక అంది, ఎన్నేళ్ల అలవాటో అది, దానికి నిప్పూ నీళ్లూ తెలీదు, ఆ కానిస్టేబులు పెదవి సగం నవ్వుకి లేచి అక్కడే ఆగిపోయింది, పాపం కుర్రాడు, ఏం చెయ్యాలో తెలీక టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. ఆదిలక్ష్మి నీళ్లంచున నిలబడి రమణా రమణా అని పిలుస్తోంది. గాలికి ఆ పిలుపులో చివరి ముక్క కొట్టుకుపోయి, రమ్మన, రమ్మన అన్నట్టు వినిపిస్తోంది. చెవులు మూసుకున్నాను. నా చెవులు కూడా నా నాలికలాంటివే.

భీమిలి నుంచి జాలర్లు పడవలేసుకొచ్చి వెతికారు. మూడోనాటికి ఒడ్డుకొచ్చీతాడు బాబూ, ఆడికీ మనకీ అదే రుణం అన్నాడు వాళ్లలో పెద్దాయన. మూడోనాడు వచ్చింది, వాడు రాలేదు. తరవాత ఇక రోజులు రావడం మానలేదు. పురోహితుడు చెప్పాడు, దేహం దొరకనప్పుడు దర్భలతో మనిషి బొమ్మ చేసి దహనం చేసి కర్మ జరిపించవచ్చు, శాస్త్రం ఒప్పుకుంటుంది అని. ఆదిలక్ష్మి ఒప్పుకోలేదు. గడ్డిబొమ్మని తెచ్చి కొడుకని కాల్చమంటారేటి, నాను కన్నది గడ్డినా అంది. ఆవిడ పుట్టింటి ఊరు పూడిమడక పక్కన, సముద్రానికి దగ్గర, అక్కడో కట్టుబాటుంది, నీళ్లలో ఇంటి మనిషి పోతే కర్మ అయ్యేదాకా ఆ ఇంట్లో చేప ముట్టరు. పన్నెండో రోజు దాటాక చుట్టాలే చేపలు తెచ్చి వండి తినిపిస్తారు, దాంతో మైల విడుస్తుంది. మా ఇంట్లో పన్నెండో రోజు రాలేదు. మొదటి రోజే రానివాళ్లకి పన్నెండోది ఎలా వస్తుంది. అందుకని చేప లేదు, నాలుగేళ్లుగా లేదు, ఎండు నెత్తళ్ల వాసన కూడా లేదు. ఒకప్పుడు ఆదివారమంటే మా ఇంట్లో ఆదిలక్ష్మి వారం, పొద్దున్నే నాతో గొడవపడి నేను తెచ్చిన వంజరం మొప్పలు ఎత్తి చూసి, ఏటండీ ఇది, నిన్నటిదా మొన్నటిదా, మీ జోకులాగుంది అని, అంటూనే చింతపండు నానబెట్టేది. ఇప్పుడు ఆదివారం పొద్దున్న పక్క క్వార్టర్లలో మూకుళ్లు చిటపటలాడితే లేచి కిటికీలు మూస్తుంది, ఏమీ అనదు, మూస్తుంది, అంతే.

ఆ ఇంట్లో జువాలజీ. అన్నకి తీరాల్సిన పని తీరకుండా ఆడి సెల్లెలు సేప మీద కత్తెట్టడమేటండీ, అపచారం కాదా అంది మొన్న, గిన్నె తోముతూ, గిన్నెతోనే అన్నట్టు. ఇంటర్లో బొద్దింకలూ కప్పలే కదా, నడిచిపోయింది, కప్ప దాకా తప్పా అని నేను సర్దిచెప్పాను. ఇప్పుడు సర్దడానికి లేదు. పిల్ల దాచలేదు, అది ఏదీ దాచదు, డాబా మెట్ల మీద నా పక్కన కూర్చుని సుద్దముక్కతో మెట్టు మీద గీసి మరీ చెప్పింది. మొదటేడు వెన్నెముక లేనివి నాన్నా. రెండో ఏడు వెన్నెముక ఉన్నవి, అందులో సొరసేప ఉంటాది, కోసి లోపలి నరాలు చూపించాలి, పరీక్షలో కూడా అదే వత్తాది. మూడో ఏడు పిండం ఎలా పెరుగుతాదో, జీవులు ఒకదాంట్లోంచి ఒకటి ఎలా వచ్చాయో. అయ్యాక పైన యూనివర్సిటీలో ఎమ్మెస్సీ, సముద్రం జీవుల మీదే, పడవేసుకుని లోపలికి తీసుకెల్తారంట, వలేసి నీళ్లు తీసి చూపిత్తారంట. మెట్టు అయిపోయింది, కింద మెట్టు మీద కూడా గీసింది. వెన్నెముక లేనివి మొదటేడేనా, అయితే సొరదాకా ఎందుకే, నన్నే కోసుకో అన్నాను. నవ్వలేదు. నా మొహంలోకి చూసి, నాన్నా, నాను అన్న కోసం సదవడం లేదు, అలాగనుకోకు అంది. మరెందుకే అన్నాను. నాకిష్టం అంది. సుద్దముక్క అరచేతిలో దొర్లిస్తూ, అన్న ఉన్నప్పుడే నాకిష్టం, ఆడు రుషికొండ నుంచి గవ్వలు తెచ్చేవోడు, లోపల పురుగున్నవి కూడా, అమ్మకి తెలీకుండా గాజుసీసాలో ఉప్పునీళ్లేసి పెట్టేవాళ్లం, అవి రెండ్రోజులకే సచ్చిపోయీవి, ఎందుకు సచ్చిపోయీవో మాకు తెలిసేది కాదు అంది. ఆ సీసా సంగతి నాకూ తెలీదు. నా ఇంట్లో నేను అరుస్తూ తిరుగుతుంటే ఎన్ని నిశ్శబ్దంగా జరిగిపోయాయో.

బల్ల రెండో చివర ఎవరో కూర్చున్నారు, బల్ల ఇటు లేచింది. తెల్లటి లాల్చీ, మెహందీ పెట్టిన గడ్డం. తన పేరు కరీం బాషా అనీ, పాత ఊళ్లో గడియారాలు బాగుచేసే కొట్టనీ, బిడ్డ పేరు మహబూబున్నీసా అనీ తనే చెప్పాడు. ఆ పిల్ల అప్పటికే పిట్టగోడ దగ్గర మా పైడి పక్కన చేరింది, ఇద్దరూ మోచేతులు గోడ మీద ఆనించి నేను చూడని వైపు చూస్తున్నారు. టైమెంతయిందండీ బాషాగారూ అన్నాను. చెయ్యి చాపి చూపించాడు, మణికట్టు బోసిగా ఉంది. "ఊళ్లోవాళ్ల టైమంతా నా కొట్లో ఉంది భాయ్, నాకే లేదు." నాకు ప్రాణం లేచొచ్చింది, నా జాతివాడే. "మీ పాపకి ఏ గ్రూపు?" అన్నాడు. "ఇంకా తేలలేదు." "మా ఇంట్లో తేలింది, మా ఆవిడ కప్పని ముట్టుకుంటే ఇంట్లోకి రానివ్వనంది. నేనన్నాను, బేగం, గడియారం కూడా కప్పలాంటిదే, వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట విప్పితేనే కదా లోపల ఏం కొట్టుకుంటోందో తెలిసేది. ఏడ్చింది, నవ్వింది, ఒప్పుకుంది." ఏడ్చింది, నవ్వింది, ఒప్పుకుంది. ఎంత వరసగా జరిగిపోయింది ఆయన ఇంట్లో. మా ఇంట్లో ఆ మూడింట్లో ఒక్కటీ జరగలేదు. నాలుగేళ్లలో ఆదిలక్ష్మి ఒక్కసారైనా ఏడ్చుంటే నేను ఒక్కసారైనా నోరు మూసుకునేవాణ్ణేమో. ఆవిడ మాట్లాడకపోతే ఇల్లు మరీ బోసిపోతుందని రెండు వంతుల మాటలూ నేనే మాట్లాడుతున్నాను.

"ఎంతమంది మీకు?" అన్నాడు బాషా. ఇదీ ఆ ప్రశ్న. ఎక్కడికెళ్లినా ఇదే అడుగుతారు, రైల్లో, పెళ్లిలో, మంగలి కుర్చీలో. ఒక్కతే అంటే వాడు లేకుండా పోతాడు, ఇద్దరంటే రెండో ప్రశ్న వస్తుంది. "ఇద్దరు." "పెద్దది ఈ పాపేనా?" "కాదు, అబ్బాయి పెద్దాడు." "ఏం చేస్తున్నాడు?" నాలిక కదలకముందే పళ్లు బిగబట్టాను, అయినా జారిపోయింది. "సముద్రంలో ఉన్నాడండీ." "షిప్పులోనా! మాషా అల్లా. మా బామ్మర్దీ అలాగే వెళ్లాడు, మంచి జీతం భాయ్. సెలవుకి ఎప్పుడొస్తాడు?" చెప్పాలి. ఇక్కడ ఆపి చెప్పాలి. ఆయన కళ్లు ఎంత సంతోషంగా ఉన్నాయంటే, నా కొడుకు ఆ ఒక్క నిమిషం తెల్ల యూనిఫారం వేసుకుని ఏదో ఓడ మీద నిలబడి ఉన్నాడు, చేతిలో టీ కప్పు, గాలికి జుట్టు చెదిరి, ఇరవై మూడేళ్లవాడు, కాస్త నల్లబడి, కాస్త ఒళ్లు చేసి. ఎలా చంపను మళ్లీ. "సెలవు దొరకడం లేదండీ వాడికి" అన్నాను. "దొరుకుతుంది, దొరుకుతుంది" అన్నాడు బాషా, నా మోకాలి మీద చెయ్యేసి, "కంపెనీలన్నీ అంతే, ముందు బిగిస్తారు."

గుమ్మంలో అటెండరు ఎవరిదో పేరు పిలిచాడు, ఎవరో తండ్రి పంచె సర్దుకుంటూ లోపలికెళ్లాడు, కాసేపటికి నవ్వుకుంటూ బయటికొచ్చాడు. వరస కరుగుతోంది. నేనేం చెప్పాలో తేల్చుకోవాలి. బీకాం అన్నాననుకో, పిల్ల నా వైపు ఒకసారి చూస్తుంది, అంతే, ఎదురు చెప్పదు, లెక్చరరు ముందు తండ్రి పరువు తియ్యదు, ఇంటికొచ్చి మెట్టు మీద సుద్దగీతలు తడిగుడ్డతో తుడిచేస్తుంది, ఇంట్లో కూర్చుంటుంది. అప్పుడు మా ఇంట్లో కిటికీలు మూసే ఆడవాళ్లు ఇద్దరవుతారు. జువాలజీ అన్నాననుకో, పిల్ల రెండో ఏట సొరని కోసి, చేతులు ఎంత కడుక్కున్నా పోని ఆ వాసనతో ఇంటికొస్తుంది, తల్లి కంచంలో అన్నం పెట్టాలి ఆ చేతికి. పెడుతుంది. పెట్టి లోపలికెళ్లిపోతుంది. ఆ వెళ్లిపోవడం ఎంత దూరమో నాకు తెలుసు, ఒకే గదిలో ఉండి నాలుగేళ్లుగా చూస్తున్నాను. పోనీ పడవ సంగతి. పడవెక్కించి లోపలికి తీసుకెళ్తారట. నా రెండో బిడ్డ కూడా ఆ నీళ్ల మీదికి. దీనికి నేను ఈత కూడా నేర్పలేదు, శారదా నదికి మళ్లీ తీసుకెళ్లలేదు, పొట్ట కింద పెట్టాల్సిన చెయ్యి జేబులోనే పెట్టుకు తిరిగాను. ఊఁ అనాలా, ఊహూఁ అనాలా. ఒక్క హూ తేడా. చాల్లే అర్జునరావూ, చాల్లే.

"నాన్నా, అమ్మ" అంది పైడి.

తలెత్తాను. గేటు దగ్గర్నుంచి కొండవాలు దారి మీద ఆదిలక్ష్మి వస్తోంది. వంటింటి చీరతోనే, కొంగు నడుముకి బిగించి, ఎండకి కళ్లు చికిలించుకుని, మధ్యమధ్యన ఆగి ఊపిరి పీల్చుకుంటూ. బస్సు బీచి రోడ్డు మీంచే వస్తుంది ఇక్కడికి, వేరే దారి లేదు. రుషికొండ నుంచి తిరిగొచ్చిన రోజు తరవాత ఆవిడ ఆ రోడ్డు ఎక్కలేదు. నేను లేచి నిలబడ్డాను, బల్ల బాషా వైపు ఒరిగింది. దగ్గరికొచ్చి నా ఎదురుగా ఆగింది, చెమట తుడుచుకుంది.

"నాకు అలాగే అన్నారు. దీనికీ అలాగే అనుంటారు. అవునా?"

"అదేటంటే ఆదీ..."

"అవునా కాదా సెప్పండి."

"అవును."

"ఎరుగుదును" అంది. కోపం లేదు గొంతులో, దానికే నాకు భయం వేసింది. "ఇరవయ్యైదేళ్లయి వింటన్నాను మీ అలాగేలు. పొయ్యి మీద పప్పు దింపీసి వచ్చాను, నాను కూడా లోపలికెల్తాను."

పైడి తల్లి చెయ్యి పట్టుకోబోయి ఆగింది. బాషా కూతుర్ని పిలిచి కాస్త పక్కకి జరిగాడు, మర్యాదస్తుడు, చోటిచ్చాడు. ఆదిలక్ష్మి కూర్చోలేదు. పిట్టగోడ అవతలికి ఒకసారి చూసింది, సరుగుళ్ల వెనక దాన్ని. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనేదో అనాలని నోరు తెరిచేలోగా అటెండరు మా పిల్ల పేరు పిలిచాడు, పైడితల్లి, పైడితల్లి తాలూకు తండ్రి ఎవరండీ. నేను అడుగు ముందుకేశాను. ఆవిడ నా ఛాతీ మీద అరచెయ్యి పెట్టి ఆపింది. "మీరు ఇక్కడుండండి. మీరొచ్చేరంటే ఆయన్ని కూడా నవ్వించీతారు" అంది. తల్లీ కూతుళ్లిద్దరూ లోపలికెళ్లిపోయారు. ఏటండీ ఇది, తండ్రి రావాలి కదా అన్నాడు అటెండరు. తండ్రే వెళ్లాడయ్యా అన్నాను. అతనికి అర్థం కాలేదు, నాక్కూడా.

గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాను. లోపల ఫ్యాను కిర్రుమంటోంది. లెక్చరరు గారు పెద్దాయన, నెమ్మది గొంతు, రామ్మా కూర్చో, మార్కులు బావున్నాయి, ఏ గ్రూపు అంటున్నారు. బాటనీ జువాలజీ కెమిస్ట్రీ సార్ అంది పైడి. నేను కళ్లు మూసుకున్నాను, ఇప్పుడు వస్తుంది, కట్టుబాటూ మైలా అపచారమూ, నా పెళ్లాం అన్నీ ఆయన బల్ల మీద కుమ్మరిస్తుంది, పాపం ఆయనకేం తెలుసు.

"బాబూ, నాకు సదువు లేదు" అంది ఆదిలక్ష్మి. "మీరు సేపల సంగతి సెప్పీవోరు కదా. ఒక్క మాట అడుగుతాను. సముద్రంలో పోయిన మనిసిని సేపలు తినీతాయా? అన్నీ తింటాయా, కొన్నేనా? నా కొడుకు పోయేడు. రుషికొండ దగ్గర. ఆడు ఒడ్డుకి రాలేదు. ఏ సేపో తెలిత్తే అది మానీసి మిగతావి నాను వండుకుందును. తెలీక అన్నీ మానీసేను. ఎవుల్ని అడగాలో నాకు తెల్దు."

ఫ్యాను కిర్రు. ఆయన కుర్చీ జరిగిన చప్పుడు. కళ్లజోడు కాబోలు, బల్ల మీద పెట్టారు. నాలుగేళ్లు. నాలుగేళ్లుగా నేను దాన్ని మైల అనుకున్నాను, పట్టుదల అనుకున్నాను, పుట్టింటి చాదస్తం అనుకున్నాను. అది ప్రశ్న. నా ఇంట్లో, నా పక్క మీద, రాత్రీ పగలూ నా పక్కనే పడుకున్న ప్రశ్న. నేను గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంటే ఆవిడకి అడగడానికి సందు దొరకలేదు. "అమ్మా" అన్నారు లెక్చరరు గారు, "అమ్మా, అది..." పుస్తకాల్లో ఎక్కడో ఉండే ఉంటుంది, ఆయనకి తెలిసే ఉంటుంది, చెప్పలేకపోతున్నారు.

"నాకింకా తెల్దమ్మా" అంది పైడి. "సదువుకుని సెప్తాను."

"ఎన్నాళ్లు పడతాది?"

"మూడేళ్లు."

"ఉన్నదున్నట్టు సెప్తావా? మీ నాన్నలాగ మాట తిప్పీసి నవ్వించీవు కదా?"

"లేదమ్మా. ఉన్నదున్నట్టు సెప్తాను. నీకు ఇనాలని ఉంటే సెప్తాను."

ఆవిడ గాజులు బల్ల అంచుకి తగిలిన చప్పుడైంది. తరవాత ఆదిలక్ష్మి అంది, "అలాగైతే రాసుకోండి బాబూ. ఇన్నాళ్లూ ఆగేను, మూడేళ్లు ఆగలేనా." లెక్చరరు గారు తండ్రి గారు ఒప్పుకుంటారా అనలేదు. కలం కదిలిన చప్పుడు నాకు గోడ ఇవతలికి వినిపించింది, లేదా వినిపించిందనుకున్నాను.

ఫీజు సంగతులకి పిల్ల లోపలే ఉండిపోయింది. ఆదిలక్ష్మి ఒక్కతే బయటికొచ్చింది, గుమ్మం దాటాక ఎటు వెళ్లాలో తెలియనట్టు నిలబడింది. బాషా లేచి నిలబడ్డాడు, తలుపు తీసే ఉంది కదా, అంతా విన్నాడు, నా వైపు చూడలేక చేతిలో టోపీని చూసుకుంటున్నాడు. కూర్చో అమ్మా, ఇక్కడ కూర్చో అన్నాడు, బల్లంతా ఖాళీ చేసి. ఆవిడ కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుంది, ఒకదాంతో ఒకటి గట్టిగా పట్టుకుంది.

"ఏటైనా అనండి" అంది.

"ఏటి?"

"ఏటో ఒకటి. మీరు అంటారు కదా ఎప్పుడూ. ఊరికే కూకోకండి, నాకు బయమేత్తంది."

నోరు తెరిచాను. నా బతుకులో మొదటిసారి ఆవిడ అడిగింది. మాటలన్నీ తడిమి చూశాను, ఏది పట్టుకున్నా లోపల ఇంకో గింజ లేదు, ఒక్కో మాటకి ఒక్కటే అర్థం ఉంది. నోరు అలా తెరిచే ఉంచి, ఆవిడ చేతుల మీద నా చెయ్యి వేశాను. ఆవిడ ఇంకా నా మొహంలోకే చూస్తోంది.